మెడలో మోసిన ఖజానా

1568 మే నెల మొదటి రోజుల్లో స్కాట్లాండ్ నుంచి ఒక నగల పెట్టె లండన్‌లో ఎలిజబెత్ రాణి కొలువుకు చేరింది. మూత తీస్తే జపమాలల్లా గుచ్చిన పెద్ద ముత్యాల సరాలు ఆరు, వాటికన్నా పెద్దవి విడిగా పాతిక దాకా కనిపించాయి. నల్లద్రాక్ష పండ్లంతేసి ఉన్నాయని అక్కడి ఫ్రెంచి రాయబారి తన దేశానికి రాసి పంపాడు. ఆ ముత్యాలు స్కాట్లాండ్ రాణి మేరీవి. ఆమెను గద్దె దించి, లాక్‌లెవెన్ సరస్సు మధ్యనున్న కోటలో బంధించి అప్పటికి ఏడాది కావస్తోంది. సవతి అన్న మొరే ప్రభువు రాజప్రతినిధిగా అధికారం చేపట్టి, చెల్లెలి నగలను బేరానికి పెట్టాడు. ఫ్రాన్స్ రాజమాత కేథరిన్ ద మెడిచి కూడా ఆ ముత్యాల కోసం కబురు పంపింది. 1533లో తన పెళ్లికి బంధువైన పోప్ ఏడో క్లెమెంట్ ఇచ్చిన ముత్యాలనే ఆమె తర్వాత కోడలు మేరీకి పెట్టిందని చెబుతారు. కబురు అందేసరికే బేరం ముగిసిపోయింది. ఎలిజబెత్ 12,000 ఫ్రెంచి ఎక్యూ నాణేలు చెల్లించి వాటిని సొంతం చేసుకుంది.

అదే మే నెల 2న మేరీ కోట నుంచి తప్పించుకుంది. సైన్యాన్ని కూడగట్టి పోరాడి ఓడింది. ఎలిజబెత్ ఆశ్రయం కోరి ఇంగ్లండ్ చేరి, దాదాపు పంతొమ్మిదేళ్లు అక్కడే బందీగా గడిపి, 1587లో శిరచ్ఛేదానికి గురైంది. ఆ ముత్యాలు మళ్లీ ఆమె చేతికి రాలేదు.

ముగ్గురు రాణులు, అవే ముత్యాలు. దీన్ని ఆడవాళ్ల నగల ముచ్చటగా చెప్పి ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. భూములు, కోటలు, సైన్యాలు మగవాళ్ల పేరున నడిచిన కాలాల్లో స్త్రీ తన ఒంటి మీద పెట్టుకుని ఊరు దాటగలిగిన ఆస్తి నగ ఒక్కటే. మన ధర్మశాస్త్రాలు స్త్రీధనం కింద నగలను లెక్కించింది అందుకే. ఆ నగల్లో ముత్యానికి చాలా కాలం సాటి లేదు. వజ్రాన్ని మెరిపించాలంటే సాన పట్టే విద్య ముదరాలి. ఐరోపాలో అది పదిహేడో శతాబ్దం దాకా పూర్తిగా పట్టుబడలేదు. ముత్యం మాత్రం చిప్పలోంచి మెరుస్తూనే వస్తుంది. చిన్న బెజ్జం వేసి దారానికి ఎక్కిస్తే చాలు. విలువైన వస్తువులన్నిటిలో మొదటి స్థానం ముత్యాలదేనని క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అధికారం చేతికొచ్చిన స్త్రీలు, ఆ అధికారాన్ని నిలుపుకోవాల్సిన స్త్రీలు, పోగొట్టుకున్న స్త్రీలు ముత్యాలతో ఏం చేశారో చూస్తే వాళ్ల రాజకీయం అర్థమవుతుంది.

రోమ్‌లో ముత్యం మోజు జూలియస్ సీజర్ నాటికే ముదిరింది. బ్రూటస్ తల్లి సర్వీలియాకు సీజర్ 60 లక్షల సెస్టెర్స్ నాణేల ముత్యాన్ని కానుకగా ఇచ్చాడని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. అదే సీజర్ ముత్యాలు ఎవరెవరు, ఏ వయసువారు, ఏ రోజుల్లో ధరించాలో చట్టం చేశాడు. కొందరికే చెందాలనుకున్న గౌరవాన్ని డబ్బున్న ప్రతి ఇల్లూ కొనేస్తోందన్న బెంగ ఆ చట్టంలో కనబడుతుంది. చట్టం వచ్చినా మోజు తగ్గలేదు. కొంతకాలం కలిగ్యులా చక్రవర్తికి భార్యగా ఉన్న లోలియా పౌలీనాను ఒక నిశ్చితార్థపు విందులో ప్లినీ స్వయంగా చూశాడు. తల, జుట్టు, చెవులు, మెడ, వేళ్లు అన్నిటా పచ్చలూ ముత్యాలే. వాటి ఖరీదు 4 కోట్ల సెస్టెర్సులు. అడిగినవారికి రసీదులు చూపడానికి కూడా ఆమె సిద్ధంగా ఉండేదట. అవి చక్రవర్తి పెట్టిన నగలు కావు, తాత మార్కస్ లోలియస్ తూర్పు రాష్ట్రాలను పీల్చి కూడబెట్టిన సొత్తు. ప్లినీకి కోపం తెప్పించింది ఆ దోపిడీయే.

క్లియోపాత్రా ముత్యం కథను మనకు అందించినవాడూ ప్లినీయే. ఒక్క విందుకు కోటి సెస్టెర్సులు ఖర్చు చేస్తానని ఈజిప్టు రాణి రోమన్ సేనాని మార్క్ ఆంటోనీతో పందెం కట్టింది. తూర్పు దేశపు రాజుల నుంచి తనకు సంక్రమించిన రెండు ముత్యాలు ఆమె చెవులకు ఉన్నాయి. లోకంలో అంతకన్నా పెద్దవి లేవంటాడు ప్లినీ. విందు మధ్యలో పాత్రలో పుల్లని ద్రావకం తెప్పించి, ఒక ముత్యాన్ని అందులో వేసి, కరిగాక తాగేసింది. రెండోదాన్ని కూడా వేయబోతుంటే పందేనికి మధ్యవర్తిగా కూర్చున్న ప్లాంకస్ అడ్డుపడి, ఆంటోనీ ఓడినట్టు తీర్పు చెప్పాడు. క్లియోపాత్రా మరణం తర్వాత ఆ మిగిలిన ముత్యాన్ని రెండుగా కోసి, రోమ్‌లోని పాంథియాన్‌లో వీనస్ విగ్రహానికి చెవి ఆభరణాలుగా అమర్చారట.

ముత్యంలో అధిక భాగం కాల్షియం కార్బొనేట్. ఆమ్లంలో అది కరుగుతుంది. కాకపోతే పెద్ద ముత్యం మామూలు సిర్కాలో కరగాలంటే ఒక రోజుకు పైగా పడుతుంది. ప్లినీ ఈ కథ రాసింది ఆ విందుకు శతాబ్దం తర్వాత. అది అచ్చంగా అలాగే జరిగిందా అన్నది పక్కన పెడితే, రోమన్లు ఆ రాణిని ఎలా గుర్తుపెట్టుకున్నారో అందులో ఉంది. రోమ్ పెద్దలు ప్రాణంలా చూసుకునే వస్తువును ఆమె మంచినీళ్లలా తాగేసింది. తన సంపదకు మీ లెక్కలు చాలవని ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం ఉన్నవాడికి చెప్పడానికి అంతకన్నా సూటి మార్గం ఉండదు.

క్లియోపాత్రా ముత్యాలు ఎక్కడ పుట్టినవో ప్లినీ చెప్పలేదు. రోమ్‌కు చేరిన ముత్యాల్లో చాలా భాగం పర్షియా సింధుశాఖ నుంచి, మన దక్షిణ తీరంలోని మన్నార్ సింధుశాఖ నుంచి వెళ్లేవి. పాండ్యుల రేవు కొర్కైలో మరణశిక్ష పడిన ఖైదీలను ముత్యాల కోసం సముద్రంలోకి దింపేవారని ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం పెరిప్లస్ చెబుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం తామ్రపర్ణిలో, పాండ్య దేశంలో దొరికే ముత్యాలను పేరు పెట్టి మరీ లెక్కించింది. ఇండియా, చైనా, అరేబియాలు ఏటా 10 కోట్ల సెస్టెర్సులు లాక్కుపోతున్నాయనీ, మన విలాసాలకు, మన ఆడవాళ్లకు అయ్యే ఖర్చు అదనీ ప్లినీ వాపోయాడు. సామ్రాజ్యం ఖజానా తరిగితే నింద స్త్రీల మీద వేయడం అప్పటికే అలవాటైపోయింది.

ఇటలీలోని రావెన్నాలో సాన్ విటాలే చర్చి గోడ మీద బైజాంటైన్ మహారాణి థియోడోరా ఇప్పటికీ నిలబడి ఉంది. 547 ప్రాంతంలో రంగు గాజు, రాళ్ల ముక్కలు పొదిగి చేసిన ఆ చిత్రంలో ఆమె కిరీటం నుంచి ముత్యాల సరాలు భుజాల మీదుగా గుండె దాకా జాలువారుతుంటాయి. థియోడోరా తండ్రి కాన్‌స్టాంటినోపుల్ పందేల మైదానంలో ఎలుగుబంట్లను మేపేవాడు. ఆమె చిన్నతనంలోనే నాటకశాలల్లో నటించింది. నటీమణులను పెళ్లాడకుండా ఉన్నతవర్గాలకు ఉన్న నిషేధాన్ని సడలించాకే కాబోయే చక్రవర్తి జస్టీనియన్ ఆమెను పెళ్లి చేసుకోగలిగాడు. 532లో నీకా తిరుగుబాటు చెలరేగి చక్రవర్తి పారిపోవడానికి సిద్ధపడితే, నిలబడి పోరాడమని ఆపింది ఆమేనని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. పుట్టుకతో రాని గౌరవాన్ని ఆ గోడ మీద ముత్యాలు ఆమెకు తెచ్చిపెట్టాయి. చిత్రం పూర్తయిన ఏడాదికే, 548లో ఆమె కన్నుమూసింది.

ఎలిజబెత్ దగ్గర ముత్యం రాజ్యతంత్రమైంది. క్రైస్తవ సంప్రదాయంలో తెల్లని ముత్యం కన్యాత్వానికి గుర్తు. పెళ్లి చేసుకోమని పార్లమెంటు ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోని రాణి, నా పెళ్లి రాజ్యంతోనే అయిపోయిందన్న మాటను తన బట్టల మీద ముత్యాలతో కుట్టించింది. 1588లో స్పెయిన్ నౌకాదళాన్ని ఓడించిన సందర్భంగా వేసిన ఆర్మడా చిత్రాలలో ఆమె జుట్టులో, మెడలో, చేతుల మీద, గౌను నిండా ముత్యాలే. మెడలోని పొడవాటి హారాలు ఆమెకు అత్యంత ఆప్తుడైన లెస్టర్ ప్రభువు రాబర్ట్ డడ్లీ ఇచ్చినవంటారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో చనిపోయిన డడ్లీ, 600 తెల్లని ముత్యాల పేరును ఆమెకు చెందేలా వీలునామా రాశాడు. సముద్రం మీద గెలిచిన రాణి సముద్రంలో పుట్టిన వస్తువుతో ఒళ్లంతా కప్పుకుని కనబడింది. ప్రతులు తీసి ప్రభువుల ఇళ్లకు చేరిన ఆ బొమ్మే ఆమెను ఎన్నడూ చూడని ప్రజలకు ఆమె రూపమైంది.

ఆ శతాబ్దంలో ఐరోపాకు ముత్యాలు వెల్లువలా రావడానికి కారణం కొలంబస్. 1498 నాటి మూడో ప్రయాణంలో వెనిజువెలా తీరంలో స్థానికులు ముత్యాలు ధరించడం అతని మనుషులు చూశారు. పక్కనే ఉన్న కుబాగువా దీవి కొన్నేళ్లలోనే ముత్యాల పట్నమైంది. అక్కడ మునగడానికి బహామా దీవుల నుంచి లుకాయన్ ప్రజలను బానిసలుగా పట్టి తెచ్చారు. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా వాళ్లను నీళ్లలోనే ఉంచేవారనీ, ఊపిరి పీల్చుకోవడానికి పైకొచ్చి కాస్త ఆలస్యం చేస్తే కొట్టేవారనీ ఆ కాలపు మతాచార్యుడు లాస్ కాసాస్ చూసి రాశాడు. ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయాక ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారు. పనామా తీరంలో ఒక ఆఫ్రికా బానిసకు దొరికిందని చెప్పే లా పెరెగ్రినా అనే కన్నీటిచుక్క ఆకారపు ముత్యం స్పెయిన్ రాణుల మెడలో రెండు శతాబ్దాలకు పైగా వేలాడి, తర్వాత చేతులు మారి, 1969లో నటి ఎలిజబెత్ టేలర్‌కు చేరింది. భర్త రిచర్డ్ బర్టన్ దాన్ని 37,000 డాలర్లకు వేలంలో కొన్నాడు. ఆమె మరణించిన ఏడాదే, 2011 డిసెంబర్‌లో, అది కోటీ 18 లక్షల డాలర్లు పలికింది. వేలం పుస్తకాల్లో రాజుల పేర్లన్నీ ఉంటాయి. దాన్ని నీళ్లలోంచి తీసిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఫ్రాన్స్ విప్లవం వచ్చినప్పుడు రాణి మేరీ ఆంటోనెట్ తన ముత్యాలను అలంకారంగా చూడలేదు. 1791లో పారిస్‌లోని త్విలరీ భవనంలో కాపలా మధ్య ఉంటూనే, నమ్మకస్తురాలైన పరిచారిక సాయంతో ముత్యాలు, వజ్రాలు, కెంపులు దూదిలో చుట్టి చెక్కపెట్టెలో సర్దింది. ఆ పెట్టె ఆస్ట్రియా రాయబారి మెర్సీ చేతుల మీదుగా బ్రస్సెల్స్ దాటిపోయింది. రెండేళ్లకు, 1793 అక్టోబర్‌లో ఆమెకు మరణశిక్ష అమలైంది. తల్లీదండ్రీ తమ్ముడూ పోయాక ప్రాణాలతో మిగిలిన కూతురు మేరీ థెరీస్ విడుదలై వియన్నా చేరాక ఆ నగలు అందుకుంది. రాజ్యం, ఇల్లు, మనుషులు అన్నీ పోయిన కుటుంబంలో తల్లి నుంచి కూతురికి దక్కిన ఆస్తి అదే. ఆ నగల్లోని ఒక ముత్యపు లాకెట్ 2018 నవంబర్‌లో జెనీవాలో 3 కోట్ల 60 లక్షల డాలర్లకు అమ్ముడైంది. వేలం సంస్థ వేసిన అంచనా 10 నుంచి 20 లక్షలే.

చైనాను దాదాపు అర్ధశతాబ్దం నడిపించిన రాజమాత త్సిషీకి సుమారు 3,500 ముత్యాలతో వలలా అల్లిన భుజాల పైవస్త్రం ఉండేదని ఆమె దగ్గర పనిచేసిన దెర్ లింగ్ రాసింది. 1908లో చనిపోయిన రాజమాతను కుప్పల కొద్దీ ముత్యాలతో సమాధి చేశారు. 1928లో సేనాపతి సున్ ద్యెన్‌యింగ్ సైనికులు ఆ సమాధిని మందుగుండుతో పేల్చి అంతా దోచుకుపోయారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ముత్యం ధర ఆకాశంలో ఉంది. న్యూయార్క్‌లో రైలు కంపెనీల యజమాని మోర్టన్ ప్లాంట్ భార్య మేసీకి కార్టియే దుకాణంలోని రెండు వరసల ముత్యాల హారం నచ్చింది. దాని ధర 10 లక్షల డాలర్లు. 1917లో ఆ హారానికి బదులుగా ఫిఫ్త్ అవెన్యూలోని తమ భవనాన్ని, నూరు డాలర్ల లెక్కతో, ప్లాంట్ దంపతులు కార్టియేకి ఇచ్చేశారు. 128 ముత్యాలు, ఒక రాజభవనం సరితూగిన కాలమది. మేసీ పోయాక 1957లో ఆ హారం లక్షన్నర డాలర్లకు అటూఇటుగా పలికింది. భవనంలో ఇప్పటికీ కార్టియే దుకాణమే నడుస్తోంది.

ధర అలా కూలడానికి కారణం జపాన్‌లో నూడుల్స్ అమ్మే ఇంట పుట్టిన మికిమొటో కొకిచి. తొబా దగ్గర సముద్రంలో బుట్టల్లో చిప్పలు పెంచుతూ, ఎర్రపోటు వచ్చి చాలా చిప్పలు చచ్చిపోయాక కూడా పట్టు వదలక, 1893 జూలై 11న భార్య ఉమేతో కలిసి అర్ధగోళాకారపు సాగు ముత్యాన్ని వెలికితీశాడు. గుండ్రని ముత్యాలు సాధించేలోగానే, 1896లో ఉమే చనిపోయింది. చిప్పలను అడుగు నుంచి తెచ్చింది, కాపాడింది అమాలు అనే ఆడ గజఈతగాళ్లు. 1920ల్లో ఈ ముత్యాలు పారిస్ చేరితే అక్కడి వర్తకులు నకిలీవని కోర్టుకెక్కారు. చివరికి ఇవీ ముత్యాలేనన్న వాదన నెగ్గింది. పర్షియా సింధుశాఖలో తరతరాలుగా అప్పుల్లో మునుగుతూ ముత్యాలు తీసిన కుటుంబాల బతుకు మాత్రం 1930ల్లో కుదేలైంది.

ముత్యం అందరికీ అందాక ఖరీదు వస్తువులో కన్నా ధరించిన మనిషిలో కనిపించడం మొదలైంది. అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెన్నెడీ మెడలోని మూడు వరసలు గాజుతో చేసిన నకిలీ ముత్యాలు. 1962లో బుజ్జి కొడుకు ఆ హారాన్ని పట్టి లాగుతున్న ఫోటో దేశమంతా చూసింది. 1996లో వేలానికి పెడితే 700 డాలర్లు మించదనుకున్న ఆ హారం 2,11,500 డాలర్లు తెచ్చింది.

ఈ కథలో తెలుగు ఆడపడుచు ఒకామె ఉంది. పిఠాపురం మహారాజా రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు కూతురు సీతాదేవి 1917లో మద్రాసులో పుట్టింది. తండ్రి సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడు. ఉయ్యూరు జమీందారుతో పెళ్లై ముగ్గురు పిల్లల తల్లి అయిన సీతాదేవి, 1943లో మద్రాసు గుర్రప్పందేల దగ్గర బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గాయక్వాడ్‌ను కలిసింది. హిందూ చట్టం కింద ఆమెకు అప్పట్లో విడాకులు దొరికేవి కావు. ఆమె ఇస్లాం స్వీకరించి, ఆ కారణంతో మొదటి పెళ్లి రద్దు చేయించుకుని, తిరిగి హిందూమతంలోకి వచ్చి మహారాజును పెళ్లాడింది. భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకోవడాన్ని నిషేధిస్తూ బరోడాలో చట్టం ఉంది. అది రాజుకు వర్తించదని ప్రతాప్‌సింగ్ వాదించాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ వివాహాన్ని ఒప్పుకుంది కానీ ఆమెకు మహారాణీ మర్యాదలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

బరోడా ఖజానాలో ఏడు వరసల ముత్యాల హారం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఖండేరావు గాయక్వాడ్ సేకరించినది. ఆయనే మదీనాలోని ప్రవక్త సమాధికి కానుకగా పర్షియా సింధుశాఖలో దొరికే బస్రా ముత్యాలు సుమారు 15 లక్షలతో తివాచీ కుట్టించాడు. అది మదీనాకు వెళ్లలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సీతాదేవి మొనాకోలో స్థిరపడింది. బరోడా నగల్లో చాలా భాగం, ముత్యాల తివాచీ ఆమె వెంటే దేశం దాటాయి. 1949లో బరోడా భారతదేశంలో కలిసింది, 1951లో ప్రతాప్‌సింగ్ పదవి పోయింది, 1956లో విడాకులయ్యాయి. 1985లో కొడుకు పోయాడు. 1989లో సీతాదేవి చనిపోయింది. ఏడు వరసల హారంలోని మేటి ముత్యాలతో కూర్చినదని చెప్పే రెండు వరసల హారం 2007లో న్యూయార్క్‌లో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. తివాచీ 2009లో దోహాలో 55 లక్షల డాలర్ల దాకా తెచ్చి ఖతార్‌లోనే ఉండిపోయింది.

పత్రికలు ఆమె జీవితాన్ని విలాసపు గాథగానే రాశాయి. అవి బరోడా ప్రజల పన్నులతో కొన్న నగలు. వాటిని తీసుకుపోవడాన్ని సమర్థించలేం. పెళ్లి నుంచి బయటపడే చట్టం లేని కాలంలో దారి వెతుక్కుని, మర్యాద నిరాకరించిన ప్రభుత్వం ముందు నిలబడి, భర్త రాజ్యం పోయినా తన బతుకు తాను నడుపుకున్న స్త్రీ అన్నది కూడా అంతే నిజం. మేరీ ఆంటోనెట్ పెట్టెలో సర్ది దాటించిన దాన్ని తల్లి ప్రేమ అన్నప్పుడు, సీతాదేవి చేసినదాన్ని కనీసం శ్రద్ధగా పరిశీలించాలి. పిఠాపురం చరిత్రలో తండ్రి నిఘంటువుకు దొరికిన చోటు పక్కనే కూతురి కథకూ చోటుండాలి.

బరోడా హారానికి పట్టిన గతి నిజాం నగలకు పట్టలేదు. హైదరాబాద్‌లో ముత్యాలు పండవు. పర్షియా సింధుశాఖ సరుకు బొంబాయి మీదుగా ఇక్కడికొచ్చి, బెజ్జం పడి, సైజుల వారీగా ఏరబడి, పట్టుదారానికి ఎక్కేది. చార్మినార్ పక్కన పత్తర్‌గట్టిలో ఆ వ్యాపారం ఇంకా సాగుతోంది. గల్లాపెట్టె ముందు ఇప్పుడున్నవి ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలు.  నిజాం ఖజానాలోని సత్లడా కూడా ఏడు వరసల బస్రా ముత్యాల హారమే. సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు ఆ 173 నగలను కొన్నది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు జనం విరగబడి చూశారు. ఎక్కువ కాలం అవి రిజర్వ్ బ్యాంకు భద్రత మధ్యే ఉంటున్నాయి.

వాటిని హైదరాబాద్‌లో శాశ్వతంగా ప్రదర్శించాలన్న కోరిక ఇక్కడివారికి ఎప్పటినుంచో ఉంది. అది నెరవేరిన రోజున సత్లడా గాజుపెట్టె మీద బరువు, ఖరీదుతో పాటు జనానాలో దాన్ని ధరించినవారెవరో, బెజ్జం వేసి గుచ్చిన పనివారు ఏ గల్లీలవారో, ఊపిరి బిగబట్టి బస్రా ముత్యాల కోసం మునిగినవారు ఏ తీరంవారో కూడా రాసిపెట్టాలి.